రాహేలక్క పాత లెన్సులు

మొన్న సాయంత్రం వాన వెలిశాక ఉప్పల్ స్కైవాక్ మీద కెమెరా కంటికి ఆనించుకున్నాను. ఎదురుగా నిశ్చితార్థమైన ఒక జంట నిలబడి ఉంది. వాళ్ల వెనక, కింద రింగు రోడ్డు మీద, వరంగల్ బస్సుల ఎర్ర లైట్లు, ఆటోల లైట్లు, పళ్ల బండ్లకు వేలాడే బల్బులు తడి రోడ్డులో రెండింతలై మెరుస్తున్నాయి. లెన్సు లోపలి రేకులను పూర్తిగా తెరిచేసరికి అవన్నీ కరిగి బిళ్లలయ్యాయి. మధ్యలో ఉన్నవి నిండు గుండ్రాలు. అంచులకు పోయేకొద్దీ నిమ్మకాయల్లా కోలగా సాగి, ఆ ఇద్దరి చుట్టూ వలయం కట్టి తిరుగుతున్నట్టు కనిపించాయి. చేతిలో ఇనుప లెన్సు బరువు, ముక్కుకు దానిలోని పాత గ్రీజు వాసన. ఫోటో చూపిస్తే అబ్బాయి, "మేడమ్, ఎనకాల గిర్రున తిరుగుతున్నట్టున్నదేంది? కెమెరా ఖరాబైందా?" అని అడిగాడు. అమ్మాయి మాత్రం, "ఉండనియ్, మంచిగున్నది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను. నాకు జవాబు చెప్పిన మనిషి రాహేలక్క. ఆమెను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

రాహేలక్కకు నాచారంలో, దర్జీ సామాన్ల దుకాణం మీద, ఒక ఫోటో స్టూడియో ఉండేది. నేను డిగ్రీ పూర్తి చేసి, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని నేర్చుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ ఆ మెట్లెక్కాను. మాది జనగామ వైపు. నాన్న నాచారం ఫ్యాక్టరీల్లో పనికి కుదరడంతో మేమంతా ఇక్కడికి వచ్చాం. ఆమె ఊరు నల్లగొండ దగ్గర. భర్త చిన్న వయసులోనే పోతే, సికింద్రాబాద్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకుని, తర్వాత సొంతంగా చర్చి పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టిందట. నేను చూసేనాటికి ఆమెకు యాభై దాటాయి. పొడుగు మనిషి. నేత చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకునేది, జేబులు ఉంటాయని. గొంతు పెద్దది. పెళ్లి ప్రార్థన మధ్యలో పాస్టర్ గారినైనా సరే, "అయ్యగారూ, జర పక్కకు జరుగున్రి, పిల్ల మొఖం మీద నీడ వడుతున్నది" అనగల మనిషి. ఆయన జరిగేవాడు కూడా.

నా పనితనం చూపించడానికి ఒక ఫోటో తీసుకెళ్లాను. అందులో అమ్మాయి చుట్టూ కంప్యూటర్‌లో గీత గీసి, వెనకున్నదంతా మసక చేశాను. అప్పట్లో అందరూ చేసే పనే. రాహేలక్క తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల చెవిపక్క వెంట్రుకలు ఏవి?" అంది.

"బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసినప్పుడు పోయినయ్ మేడమ్."

"మేడమ్ అనకు, అక్కా అను. సరే, ఈమె కూసున్న కుర్సీ ఎనక కాళ్లు మసకయినయ్. అదే దూరంల ఉన్న చీర కొంగు సాఫ్‌గ ఉన్నది. ఒకటే దూరంల ఉన్నయి రెండు తీర్ల ఎట్ల కనవడతయి?"

నేను కుర్చీ కాళ్లనూ, కొంగునూ మార్చి మార్చి చూశాను. ఆమె కోప్పడలేదు. బీరువాలోంచి ఒక నల్లటి బరువైన లెన్సు తీసి, ఇనుప రింగు తొడిగి కొత్త కెమెరాకు బిగించింది. నన్ను డాబా మీదకు తీసుకెళ్లి కెమెరా చేతిలో పెట్టి, తను ఎదురుగా నిలబడింది. "నా కన్ను మీద ఫోకస్ పెట్టు. చేత్తోని తిప్పాలె, అది తనంతల తాను ఏం చెయ్యది" అంది. రింగు నెమ్మదిగా తిప్పాను. ఆమె ముఖం నీళ్లలోంచి పైకి తేలినట్టు వచ్చింది. కళ్లు స్పష్టంగా ఉన్నాయి, చెవులు అప్పటికే మెత్తబడ్డాయి, వెనకున్న నీళ్ల ట్యాంకులూ, వేపచెట్టు సందుల్లోంచి పడే వెలుతురూ చుట్టూ సుడి తిరుగుతున్నాయి. అప్పుడే నేను ఆ అబ్బాయి అడిగిన మాట అడిగాను, ఎందుకిలా తిరుగుతోందని.

"అది రష్యా లెన్సు. దాని గుణం గంతే," అంది. "తయారు చేసినోళ్లు మధ్యల మంచిగ రావాలని చూసిన్రు, అంచులు చక్కదిద్దలేకపోయిన్రు. గా తప్పే ఇప్పుడు అందం. కానీ ఒకటి సూడు. దగ్గరిది, దూరపుది, గింకా దూరపుది, ఒక్కొక్కటి దాని లెక్కనే కరుగుతది. అద్దానికి దూరం తెలుస్తది. నీ మౌస్‌కు తెల్వది." మర్నాటి నుంచి పనిలో చేరమంది.

ఆ తర్వాత కొన్ని ఏళ్లు ఆమె వెంటే తిరిగాను. కంప్యూటర్ ముందు కూర్చునే పనికని చేరినదాన్ని, ఏడాది తిరగకుండానే పెళ్లిళ్లలో రెండో కెమెరా పట్టుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె స్కూటర్ ఎక్కించుకుని ఎర్రగడ్డ సంతకు తీసుకెళ్లేది. తుప్పు పట్టిన ఫ్యాన్ల మధ్య, పాత రేడియోల మధ్య ఎక్కడో ఒక లెన్సు పడి ఉండేది. సెల్‌ఫోన్ లైటు ఒక వైపు నుంచి వేసి, ఇంకో వైపు నుంచి కన్ను పెట్టి చూడమనేది. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. తెల్లటి పొగలా ఉంటే మబ్బు. చిన్న గీతలూ, దుమ్ము చుక్కలూ లెక్కలోకి రావు. "చిన్న గీతకు ఫోటో పాడుకాదు. మబ్బు వడితే మాత్రం వెలుగు చుట్టూ సున్నాలు సుడుతది" అనేది.

ఆమె దగ్గర జపాన్‌ది ఒకటుండేది. లోపలి గాజులో కలిపిన ఏదో పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారి, పలచటి డికాక్షన్‌లా పసుపెక్కింది. దాంతో ఏది తీసినా సాయంకాలంలా వచ్చేది. దాన్ని కిటికీలో ఎండకు పెట్టి ఉంచితే వారాలు గడిచేకొద్దీ రంగు విరిగింది. నేను ఆశ్చర్యపోతే, "ఎండకు నయంగాని జబ్బులు తక్కువ" అని నవ్వింది. ఇంకోటి జర్మనీది. వెనక లైట్లుంటే దానిలో అవి అంచులు మెరిసే సబ్బు బుడగల్లా వచ్చేవి. ఇలా వెనక వచ్చే మసకను ఫోటోగ్రాఫర్లు బొకే అంటారు. ఒకసారి ఒక పెళ్లికొడుకు వచ్చి, "అక్కా, మా ఫోటోలల్ల బొకే ఎక్కువ ఉండాలె" అన్నాడు. "పూలదా, వెలుగుదా?" అని అడిగింది రాహేలక్క. అతను కాస్త ఆలోచించి, "రెండూ" అన్నాడు.

శిరీష అనే అమ్మాయి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. దగ్గర్లో బట్టలు కుట్టే కంపెనీలో మెషిన్ మీద పని చేసేది. పెళ్లి సంబంధం వాళ్లకు పంపడానికి ఫోటో కావాలంది. "ఎనక మా కంపెనీ, గీ గల్లీలు ఏం కనవడొద్దక్కా. ఏదన్న పార్కు లెక్క పెట్టున్రి" అని అడిగింది. మా దగ్గర పార్కుల తెరలూ, కొండల తెరలూ ఉన్నాయి. రాహేలక్క వాటి వంక చూడలేదు. "డ్యూటీ దిగినంక రేపు రా" అంది. మర్నాడు సాయంత్రం ఆ పిల్లను సరిగ్గా ఆ కంపెనీ వీధిలోకే తీసుకెళ్లింది. శిరీష ముఖం మాడ్చుకుంది. "నీ మొఖం నాకియ్యి. ఎనకది నేను సూసుకుంట" అంది అక్క. షెడ్ల మీద దీపాలు అప్పుడే వెలిగాయి. డ్యూటీ దిగిన వాళ్లు గుంపులుగా బయటకు వస్తున్నారు. జర్మనీ లెన్సుతో తీసి, శిరీష ఫోన్‌కు పంపింది. ఫోటో చూసి శిరీష, "ఇది ఏ జాగ?" అంది. వెనకంతా నీలి చీకట్లో తేలే బుడగలు, వాటి మధ్య మెత్తటి రంగుల మనుషులు.

"మీ కంపెనీ గేటు" అంది అక్క. "గా ఎర్రది మీ వాచ్‌మన్ కుర్సీ."

శిరీష ఫోన్ తెరను రెండు వేళ్లతో పెద్దది చేసి చేసి చూసింది. కుర్చీని పోల్చుకుంది. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "మా గేటు గింత మంచిగుంటదా" అని పక్కనున్న స్నేహితురాళ్లందరినీ పిలిచి చూపించింది. వాళ్లు కూడా వరసగా నిలబడి తమకూ తీయమన్నారు. వెనక్కి నడుస్తున్నప్పుడు రాహేలక్క నాతో, "నేనేం దాయలే మంజులా. మెత్తగ చేసిన గంతే. అబద్ధం చెప్పుడు వేరు, మెత్తగ చెప్పుడు వేరు" అంది.

ఇంత సూక్ష్మంగా చూసే మనిషికి తన కంటి సంగతే తెలియకపోవడం విచిత్రం. అది మెల్లగా మొదలైంది. నేను రంగులు సరిదిద్ది చూపించిన ఫోటోలు ఆమెకు నచ్చకుండా పోయాయి. "పసుపు ఎక్కువున్నది. నీలం పెంచు" అనేది. పెంచేదాన్ని. "ఇంకా" అనేది. ఒకసారి పెళ్లికూతురి తెల్ల చీర తెర మీద లేత నీలమైపోతే నేను ఊరుకోలేదు.

"అక్కా, ఇది తెల్ల చీర. ఇంక పెంచితే స్కూలు యూనిఫారం అయితది."

"నువ్వు పుట్టకముందు నుంచి తెల్ల చీరలు తీస్తున్న. నాకు తెల్వదా?"

"తెలుసు. కానీ ఇది నీలమే."

"నేను పెట్టమన్నంత పెట్టు" అని లేచి వెళ్లిపోయింది. స్టూడియో ఆమెది, పేరు ఆమెది. చెప్పినట్టే చేశాను, అసలు ఫోటోలు మాత్రం ఎప్పటిలాగే విడిగా భద్రపరిచాను. ఆ ఏడాదంతా మా మధ్య ఇదే పేచీ.

తర్వాత మల్లాపూర్‌లో ఒక పెళ్లి. చర్చి నిండా చిన్న చిన్న దీపాల తోరణాలు. ప్రార్థన మొదలుకాక ముందే రాహేలక్క కెమెరా దించి, లెన్సు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచింది. మళ్లీ పెట్టి చూసింది. మళ్లీ ఊడదీసింది. "దీనికి మబ్బు వట్టినట్టుంది. లైట్ల సుట్టు సున్నాలే" అంటూ నాకిచ్చింది. ఫోన్ లైటు వేసి, ఆమె నేర్పిన తీరుగానే చూశాను. లోపల ఏమీ లేదు.

"లెన్సు సాఫ్‌గ ఉన్నది అక్కా."

"సరిగ సూడు."

సరిగ్గానే చూసి మళ్లీ అదే చెప్పాను. ఆమె కెమెరా కింద పెట్టి, ఉత్త కళ్లతో తల పైకెత్తి దీపాల తోరణం వైపు చూసింది. ఎడమ కన్ను మూసింది. తెరిచింది. కుడి కన్ను మూసింది. చుట్టూ జనం, పాటలు, పిల్లల పరుగులు. ఆమె ముఖంలో నేను ఎన్నడూ చూడని భయం కనిపించింది.

"మబ్బు నా కంట్లున్నది మంజులా" అంది చిన్న గొంతుతో.

ఒక్క క్షణమే. తర్వాత తన కెమెరా పట్టీ తీసి నా మెడలో వేసింది. "నువ్వు తియ్యి. పిల్ల కన్ను మీద పెట్టు ఫోకస్, దండ మీద కాదు. పో, టైం లేదు" అంది. ఆ పెళ్లి మొత్తం నేనే తీశాను. ఆమె నా పక్కనే నిలబడి, ఎవరు ఎటు నుంచి వస్తారో ముందే చెబుతూ ఉంది. ఎక్కడ నిలబడాలో చెప్పింది గానీ, ఫోటోలు చూపించమని ఒక్కసారీ అడగలేదు. ఒక మనిషి నమ్మకాన్ని అంత దగ్గరగా, అంత బరువుగా మెడలో మోయడం నాకు అదే మొదలు.

ఆ వారమే కంటి దవాఖానాకు వెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు, ముదిరి పసుపెక్కాయన్నాడు డాక్టరు. చిన్నవయసు కుర్రాడు, ఓపిక గలవాడు. కంట్లోని పాత కటకం తీసి కొత్తది పెడతామనీ, అది ఒకే దూరానికి బాగా పని చేస్తుందనీ, మిగతా వాటికి అద్దాలు వాడాలనీ వివరించాడు.

"ఫిక్స్‌డ్ ఫోకస్ అన్నట్టు" అంది రాహేలక్క.

"అవునమ్మా, దాదాపు అంతే. చాలామంది దూరానికి పెట్టించుకుంటారు, రోడ్డు మీద బస్సు నంబర్లు కనబడతాయి. మీకు దూరానికా, దగ్గరికా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "బస్సు నంబరు ఎవల్నన్న అడుగుత సారూ. ఎదురుంగ కూసున్న మనిషి మొఖం కనవడాలె. అంత దూరానికి పెట్టు." ఆ తర్వాత, "దాని అపర్చర్, వెలుగొచ్చే కంత, ఎంత?" అని అడిగింది. డాక్టరు నవ్వి, అది కంటిపాప చూసుకుంటుందన్నాడు. ఆమె తృప్తిపడింది.

మొదటి కంటికి ఆపరేషన్ అయి కట్టు విప్పిన రోజు దవాఖానా మెట్ల మీద నిలబడి ఆకాశం చూసింది.  "ఇంత నీలమున్నదా ఇన్ని రోజులు!" అంది. నేను సంతోషపడ్డాను. ఆమె సంతోషం మాత్రం స్టూడియో మెట్లు ఎక్కేదాకానే నిలిచింది. గోడకున్న పెద్ద ఫోటో ముందు ఆగిపోయింది. తెల్ల చీర పెళ్లికూతురు, మేమిద్దరం వాదించుకున్న ఫోటో అదే.

"ఈ చీర తెల్లది గద?"

"అవును."

"నువ్వు చెప్పినవ్."

"చెప్పిన."

ఇంకెవరైనా అయితే వయసు మీదో, జబ్బు మీదో తోసేసేవారు. తోసినా ఎవరూ తప్పు పట్టరు. రాహేలక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ ఏడాది మేం చేసిన ఆల్బమ్‌లన్నీ తెరిపించి చూసింది.  చివరికి, "పిల్లల పెండ్లిళ్లు మంజులా. మల్ల మల్ల రావు. అన్నీ మల్ల చేద్దాం" అంది. అసలు ఫోటోలు ఉండబట్టి చేయగలిగాం. ఈసారి రంగులు నన్ను చూడమంది. నేను సరే అన్నదాకా ఏదీ ప్రింటుకు పంపలేదు. ఆల్బమ్‌లు స్కూటర్ మీద పెట్టుకుని ఉప్పల్, రామంతాపూర్, ఏఎస్ రావు నగర్ అంతా తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ఆమె ఒకే మాట చెప్పింది: "నా కండ్లు బాగలేకుండె. రంగులు తప్పు పెట్టిన. ఇగో, మీ పెండ్లి ఇట్లున్నది." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పటిలా పెద్దగానే ఉంది. తలా దించలేదు.

చర్లపల్లిలో ఒక అమ్మాయి రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూసి, పాతదే ఉంచుకుంటానంది. "మా పెండ్లినాడు పొద్దుగాల మొగులు వట్టి అంత నీలంగ ఉండె అక్కా. నాకు గిట్లనే యాదికున్నది" అంది. రాహేలక్క పకపకా నవ్వింది. "అయితే రెండూ ఉంచుకో" అని ఇచ్చేసి వచ్చింది.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక ఆమె మళ్లీ కెమెరా పట్టింది, కానీ పెళ్లిళ్లు మెల్లగా నాకు వదిలేసింది. మోకాళ్లు సహకరించలేదు. స్టూడియోలో కూర్చున్న మనుషుల ముఖాలు మాత్రం తీసేది, పాస్‌పోర్టు ఫోటో అయినా సరే శ్రద్ధగా. ఒకరోజు నన్ను ఇంటికి పిలిచి, తనకో ఫోటో కావాలంది. కుర్చీ తెచ్చి ఇంటి ముందు వేసుకుంది. నేను రష్యా లెన్సు బిగించి, పూర్తిగా తెరిచి, ఆమె కళ్ల మీద ఫోకస్ పెట్టాను. అద్భుతంగా ఉంది. వెనకంతా మెత్తటి రంగులు. తీసి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మంచిగ తీసినవ్. కానీ మూసెయ్యి."

"ఏంది అక్కా?"

"అపర్చర్ మూసెయ్యి. ఎనకున్నదంత సాఫ్‌గ రావాలె. గా గోడ నేను కట్టించిన. ఇటుకలు నేను మోసిన. గా తలుపు మీద బైబిల్ వాక్యం మా ఆయన రాసిండు. గా పక్క రేకుల షెడ్డుల మేం మొదట కిరాయికున్నం. అందరి ఎనకది మెత్తగ చేసిన, వాళ్లు అడిగిన్రు కాబట్టి చేసిన. నాది నాకు ఉన్నదున్నట్టు కావాలె."

లెన్సు లోపలి రేకులు మూశాను. వెలుతురు తగ్గింది కనుక స్టాండు వేసి, ఊపిరి బిగబట్టి కూర్చోమన్నాను. ఆమె ఊపిరి బిగబట్టదు, నవ్వుతుంది. చాలా ప్రయత్నాలు పోయాక ఒకటి కుదిరింది. అందులో రాహేలక్క ముఖం ఎంత స్పష్టమో, గోడలో సున్నం పెచ్చు లేచిన చోటు కూడా అంతే స్పష్టం. తలుపు మీది అక్షరాలు చదువుకోవచ్చు.

రాహేలక్క పోయి రెండేళ్లు దాటింది. ఒక ఉదయం నిద్రలోనే వెళ్లిపోయింది. జ్ఞాపక కూడికలో ఆ ఫోటో పెద్దది చేసి పెట్టాం. వచ్చిన వాళ్లు మొదట ఆమె ముఖం చూశారు, తర్వాత వాళ్ల చూపు ఆమె వెనకున్నవాటి మీదకు పోయింది. "అగో, గా గోడ కట్టినప్పుడు నేను గూడ మట్టి మోసిన" అన్నాడు ఒక ముసలాయన. "గా షెడ్డుల నేను పుట్టిన" అంది రాహేలక్క చెల్లెలి కూతురు. ఆ ఫోటో ముందు చాలాసేపు జనం కదల్లేదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే, ఒకరికొకరు వేలు పెట్టి చూపించుకుంటూ ఉన్నారు.

ఇప్పుడు స్టూడియో నేనే నడుపుతున్నాను. లెన్సును పూర్తిగా తెరవడం నాకు చాలా ఇష్టం, పాత అద్దాలు చేసే మాయ మీద మోజు తగ్గలేదు. అయినా ఎవరు వచ్చి ఎదురుగా కూర్చున్నా, రింగు మీద చెయ్యి వేసే ముందు ఒక మాట అడుగుతాను: "మీ వెనక ఏం కనబడాలె?" చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. కొందరు నవ్వేసి, మీ ఇష్టం అంటారు. కొందరు మాత్రం మెల్లగా తల తిప్పి, తమ వెనక ఏముందో మొదటిసారి చూసినట్టు చూస్తారు. వాళ్లు మళ్లీ నా వైపు తిరిగేదాకా నేను ఆగుతాను.